పెరటి గడప

"పెద్దమ్మా, మోకాలు ఎలా ఉంది? వచ్చేస్తున్నా. మీరు బయటికొచ్చి కూర్చోండి, ఎండ బాగుంది."

ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కూతురు చెప్పులు వేసుకుంటోంది. కాఫీ గ్లాసుతో నిలబడ్డ తల్లికి ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లోనూ ఒక మోకాలుంది. అడిగే నాథుడే లేడు.

"ఎవరే ఆ పెద్దమ్మ?"

"టీచరమ్మ. చెప్పాగా. తోటలో బల్లల ఎత్తు ఆవిణ్ణి కూర్చోబెట్టే చూస్తున్నాం."

"చూడు, చూడు. కన్నదాన్ని నేను, ముద్దులు ఆవిడకి!"

"అబ్బ, పొద్దున్నే మొదలెట్టకమ్మా."

వృద్ధులుండే కాలనీలకి తోటలు డిజైన్ చెయ్యడం కూతురి పని. మొదట్లో తల్లి పదిమందికీ గొప్పగా చెప్పుకుంది. ఆ టీచరమ్మ దాపురించాక గొప్పంతా కడుపుమంటైంది. అన్నం దగ్గర కూడా టీచరమ్మ ఇలా అంది, అలా నవ్వింది. తను మాత్రం పెరటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, తను నాటిన నిమ్మచెట్టుని దూరంనుంచి చూడాలి. ఎత్తు గడప, దిగితే లోతు. కూతురు చెయ్యి ఇస్తేనే దిగడం. కూతురుండేదెప్పుడు?

"నేనూ వస్తా. ఆ మహారాణిని చూడాలి."

కాలనీలో మెట్టన్నదే లేదు. వాలుగా బాట, పక్కన చేతికందే కమ్మీ. తను ఎవర్నీ పట్టుకోకుండా నడిచిందన్న సంగతి తల్లికి బల్ల దగ్గరికెళ్ళాకగానీ తెలియలేదు. బల్లమీదున్న బక్కపల్చటి టీచరమ్మ నవ్వింది.

"మీ అమ్మాయి బంగారమండీ. ఇదివరకు ఆయాకి తీరికయ్యేదాకా ఎండ మొహం చూసేదాన్ని కాదు. ఇప్పుడెవర్నీ బతిమాలక్కర్లేదు."

తల్లి పళ్ళు బిగబట్టింది. ఈలోగా మేనేజరు వచ్చాడు.

"మేడం, వెనకవైపు కమ్మీ ఎందుకు, దండగ. చెయ్యి పట్టుకోడానికి ఆయాలున్నారుగా?"

కూతురు విరుచుకుపడింది. "వీళ్ళేమైనా సామాన్లా, ఒకరొచ్చి ఎత్తిపెట్టడానికి? చెట్టు దగ్గరికెళ్ళడానికి ఇంకొకరి దయ కావాలా?"

"బాగా గడ్డి పెట్టావే!" తల్లి మధ్యలో అందుకుంది. "మరి నేనెవర్నే? నేను సామాన్నా? ఊరివాళ్ళందరికీ బాటలేశావు. నా పెరటి గడప నీ కంటికి ఆనలేదా?"

"అదేంటమ్మా, నేను చెయ్యి ఇస్తాను కదా..."

మేనేజర్ని తిట్టింది ఆ మాటకే. కూతురి మొహం నల్లబడింది. "అమ్మా..." అని తల్లి చెయ్యి పట్టుకుని మోకాళ్ళ దగ్గర కూలబడింది. తల్లి తల నిమరలేదు, చెయ్యి విదిలించుకోనూ లేదు. టీచరమ్మే మెల్లగా లేచి పక్కకి తప్పుకుంది.

ఆ ఆదివారమే మేస్త్రీ వచ్చి గడప కొట్టేశాడు. వాలు పోశాడు, కమ్మీ బిగించాడు. సిమెంటు గట్టిపడ్డాక తల్లి అడుగు వేసింది. అలవాటుగా కూతురు చెయ్యి చాచింది.

"తియ్యవే చెయ్యి!"

ఒక్కత్తే దిగింది. నిమ్మచెట్టుని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. వెనకాల కూతురూ ముక్కు ఎగబీల్చింది. కాసేపటికి తల్లి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఆ టీచరమ్మని ఒకసారి మనింటికి తీసుకురా."

"నిజంగానా అమ్మా? ఎందుకు?"

"ఆవిడ బాటకి చివర బల్లేగా. నా బాట చివర నేను నాటిన చెట్టుంది. వచ్చి చూసి, ఆవిణ్ణీ కాస్త కుళ్ళుకోనీ!"