మంత్రి ముందు వరుసలో ఉండగా

పొద్దున్నే ఆమె సాధనకు కూర్చుందో లేదో ఫోన్ మోగింది. సభామందిరం మేనేజరు. సాయంత్రం కచేరీ రద్దయిందన్నాడు. కారణం ఆమె అడగలేదు, అతను చెప్పలేదు.

మూడు రోజుల క్రితం కచేరీలో పాట ఆపి, ముందు వరుసలో ఉన్న మంత్రితో, "మా వాడలో ప్రసూతి ఆసుపత్రి మూసేశారు. అది తెరిచాక చప్పట్లు కొట్టండి" అంది. అప్పటినుంచి ఫోన్ నిండా తిట్లే. పాటలు పాడుకోక నీకెందుకమ్మా రాజకీయాలని కాస్త మర్యాదగా రాసినవాళ్ళే తక్కువ.

ఆ రోజు పక్కన వయొలిన్ వాయించింది నాన్నే. అప్పట్నుంచి ఆయన ఆమెతో మాట్లాడలేదు.

"ఇవాళ కచేరీ లేదట నాన్నా," అంది వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆయన పేపరు మడిచాడు. "సంతోషం. ఇంకెవరు పిలుస్తారు మనల్ని?"

"అమ్మ నర్సుగా చేసిన ఆసుపత్రి అది. నన్ను నోరు మూసుకోమంటారా?"

"మూసుకోమని ఎవరన్నారు? నీ పక్కన బొమ్మలా కూర్చున్నాను. ఆ మాట జనంతో పాటు నేనూ అప్పుడే విన్నాను. ముందు నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"చెప్తే వద్దనేవారు."

"అనేవాణ్ణే. అయినా నువ్వు అనేదానివే. అప్పుడు బొమ్మలా కాకుండా నీ మనిషిలా కూర్చునేవాణ్ణి."

ఈ మూడు రోజులూ ఆయనది భయమనుకుంది.

అంతలో అమ్మ చెప్పులైనా విప్పకుండా లోపలికొచ్చింది. "తర్వాత పోట్లాడుకోండి. మా నర్సులంతా సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర పాడమంటున్నారు. నిన్ను పాడనివ్వబోమనేవాళ్ళు కూడా వస్తారట."

ఆమె నాన్నవైపు తిరిగింది. "ముందే చెప్తున్నాను నాన్నా. నేను వెళ్తున్నాను."

"వద్దు," అని, ఆయన లేచి వెళ్ళి వయొలిన్ తీగలు సరిచూసుకోసాగాడు.

సాయంత్రానికి వీధి కిక్కిరిసింది. పాత యూనిఫారాల్లో నర్సులు, చంకలో బిడ్డలతో తల్లులు. రోడ్డుకవతల ఈలలు, అరుపులు. ఆమె గేటు ముందు మెట్లెక్కింది, వెనకే వయొలిన్‌తో నాన్న. పల్లవి అందుకుంది. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. రెండోసారి గొంతెత్తింది. ముందున్న తల్లులు ఒక్కొక్కరే గొంతు కలిపారు, తర్వాత వెనకవాళ్ళు. చూస్తుండగానే అరుపులు పాటలో మునిగిపోయాయి.

అది చూసేసరికి ఆమెకు ఏడుపు తన్నుకొచ్చి, చరణం మధ్యలో గొంతు పూడుకుపోయింది.

వయొలిన్ ఆగలేదు. నాన్న ఆమెవైపే చూస్తూ ఆ చరణాన్ని తానే వాయించుకుంటూ పోయాడు, ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకునేదాకా.