ఆరు అక్షరాలు, మూడు రేవులు

పలాస స్టేషన్ వెయిటింగ్ రూంలో పడక్కుర్చీలో వాలి నిద్రపోతున్నట్టున్న మనిషి గంట కిందటే చచ్చిపోయాడు. కాఫీలో సైనైడ్. శత్రు ముఠాకి కొరియర్ అతను. చొక్కా కాలర్ విప్పి చూస్తే లోపల సిగరెట్ కాగితం, దాని మీద టైపు కొట్టిన ఆరు ఇంగ్లీషు అక్షరాలు: ఇ, డి, ఎల్, సి, ఎన్, ఎ.

జీడిపప్పు బ్రోకర్ వేషంలో ఉన్న ఏజెంట్ బాబ్జీ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చీఫ్ బ్రీఫింగ్ నాలుగే ముక్కలు. "సరిహద్దు అవతల మనవాళ్ళు పదకొండుమంది. వాళ్ళ పేర్లున్న మైక్రోఫిల్మ్ పోయింది. ఈ సాయంత్రం ఐదింటికి ఉద్దానం తీరంలో పడవెక్కుతుంది, ఆరింటికి ఓడ కదులుతుంది. ఆపు."

ఆ పేర్లలో మూడోది పాపారావు. బాబ్జీ సొంత తమ్ముడు. కొబ్బరితోట చూసుకుంటానన్నవాణ్ణి పట్టుబట్టి ఈ ఉద్యోగంలోకి లాగింది బాబ్జీయే. ఫిల్మ్ ఓడెక్కిందంటే వారం తిరక్కుండా తమ్ముడి మెడకు ఉరి పడుతుంది.

ముఠా కోడ్ మన డిపార్ట్‌మెంటుకు సగమే తెలుసు. ఇచ్చిన అక్షరాలన్నీ ఉన్న ఇంగ్లీషు మాట పట్టుకోవాలి. ఆ మాటలో మొత్తం ఎన్ని అక్షరాలుంటే అన్నో నంబరు రేవు, దక్షిణం నుంచి లెక్క. అలాంటి మాటలు చాలా ఉంటే అసలు మాటేదో తేల్చే పుస్తకం మాత్రం ముఠా దగ్గరే ఉంది.

బాబ్జీ ఇంగ్లీషు అంతంతమాత్రం. అందుకే రిటైర్డ్ మాస్టారు యజ్ఞనారాయణ గారింటికి పరిగెత్తాడు. పత్రికల్లో మాటల పోటీలు పూర్తిచేయడమే ఆయన కాలక్షేపం. బాబ్జీ వెంట త్రిపురసుందరి కూడా వచ్చింది. టెక్కలిలో టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపే ఈ నల్లకళ్ళద్దాల సుందరి మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఆ సంగతి తెలిసీ డిపార్ట్‌మెంటు వాడుకుంటోంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి.

మాస్టారు అక్షరాలు చూసి పొడుం పీల్చారు. "కాండిల్. ఆరు."

ఆరో రేవు భావనపాడు. బాబ్జీ జీపు తాళం తీశాడు.

"కూర్చో నాయనా, తొందరేటి? క్యాలెండర్ ఉంది. ఎనిమిది."

ఎనిమిది బారువ. బాబ్జీ కూర్చున్నాడు.

"షాండిలియర్. జమీందార్ల హాల్లో వేలాడే గాజు దీపాల గుత్తి. పది."

పది డొంకూరు, ఒడిశా సరిహద్దు పక్కన. మాస్టారు డిక్షనరీ అందుకోబోయారు. "వెతికితే ఇంకా దొరుకుతాయి."

"ఒద్దు మాస్టారూ, చాలు. ఈ మూడిట్లో ఏది?"

"నాకేటి తెలుస్తుంది? మూడూ కరెక్టే. పోటీకైతే మూడూ రాసి పంపేవాణ్ణి."

బాబ్జీకి ఏడుపొచ్చింది. ఉన్నది ఒక్క జీపు. ట్రంక్ కాల్ బుక్ చేస్తే మూడు గంటలన్నారు. అప్పటికే రెండయింది.

త్రిపురసుందరి కళ్ళద్దాలు తీసింది. కళ్ళలో నీళ్ళు. "బాబ్జీ గారూ, వాళ్ళకి నేను టైపు చేసిన కాగితంలో క్యాలెండర్ అన్న మాటుంది. పాపారావు గారి ప్రాణం మీద అబద్ధమాడతానా?"

నమ్మక చేసేదేముంది? బారువకే వెళ్ళాడు. ఆమె మాత్రం తలనొప్పంటూ పలాసలో ఉండిపోయింది.

బారువ తీరంలో ఎండుచేపలు తప్ప ఏమీ లేవు. వాటిని తిరగేస్తున్న దేముడమ్మ తలెత్తి చూసింది. "ఇక్కడికి ఎవులూ రాలేదు బాబూ. ఓడైతే అగుపడింది. డొంకూరు దిక్కుకి ఎలిపోనాది."

త్రిపురసుందరి ఈపాటికి మెయిలు రైలెక్కేసి ఉంటుంది. ఆమెను తిట్టడానికి కూడా బాబ్జీకి ఓపిక లేదు. జీపు తిప్పాడు. ఇచ్ఛాపురం దగ్గర రైల్వే గేటు పడింది. గూడ్సు బండి వచ్చి, పట్టాల మీద తాపీగా ఆగింది. చేతి వాచీలో కెమెరా, సిగరెట్ లైటర్‌లో పిస్తోలు ఇచ్చిన డిపార్ట్‌మెంటు గేటు ఎత్తే యంత్రం మాత్రం ఇవ్వలేదు. అరగంట. స్టీరింగ్ మీద తల ఆనించి, "ఒరే పాపారావూ, నన్ను క్షమించరా" అనుకున్నాడు.

డొంకూరు చేరేసరికి ఆరుకి పది నిమిషాలుంది. పడవ కదలాల్సిన టైము దాటి యాభై నిమిషాలు. అంతా అయిపోయిందనే దిగాడు.

కానీ పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. జాలర్లు తలలు వంచుకుని ఇసుకలో కూర్చున్నారు. అలల అవతల ఓడ నుంచి వచ్చిన చిన్న పడవ ఒడ్డుకు రాలేక ఎదురుచూస్తోంది. సిల్కు లాల్చీ సేటొకడు నడుంలోతు నీళ్ళలో ఒంటరిగా తెప్ప తోసుకుంటున్నాడు. అల వెనక్కి కొట్టినప్పుడల్లా లేచి మళ్ళీ తోస్తున్నాడు. ఈసారి తెప్ప అల దాటేలా ఉంది.

బాబ్జీ నీళ్ళలోకి దూకాడు. లైటర్ నొక్కితే తుస్సుమంది. ఇంతలో పెద్ద అల లేచి తెప్పనీ సేటునీ తెచ్చి అతని మీదే పడేసింది. దొరికిన కాలర్ దొరికినట్టు పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడు. లాల్చీ రెండో గుండీలో ఫిల్మ్ ఉంది. చిన్న పడవ వెనక్కి తిరిగింది.

ఫిల్మ్ గుప్పిట్లో బిగించి బాబ్జీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"మీరెందుకు పడవ తియ్యలేదు?" అడిగాడు కాసేపటికి.

పోలయ్య అనే పెద్దాయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఊళ్ళో సావైతే సముద్రం మీదకెల్లం బాబూ. మా నూకమ్మప్ప పొద్దున పోనాది. ఈ సేటు మజ్జాన్నం నుంచి కాళ్ళు పట్టుకుంతన్నాడు, డబ్బు సంచి సూపిత్తన్నాడు. సావింటి కాడ డబ్బేటి సేత్తాది?"

మర్నాడు ఇచ్ఛాపురం పోస్టాఫీసులో ట్రంక్ కాల్ కలిసింది.

"వెల్‌డన్," అన్నాడు చీఫ్. "నువ్వెళ్ళేదాకా పడవ ఆపిన మనిషెవరు?"

"నూకమ్మ అని, డొంకూరు, సార్."

"మన రోల్స్‌లో లేదే. వెంటనే సర్వీసులోకి తీసుకో."

"కుదరదు సార్," అన్నాడు బాబ్జీ. "నిన్న పొద్దున్నే రిటైరైపోయింది."