థార్న్‌బీ చర్చి ఉత్తరపు తలుపు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి పొండి. పది గుర్రాలు లాగినా కదలని థార్న్‌బీ పాడు చర్చి తలుపును ఒంటి భుజంతో తెరిచిన జాబెజ్ థర్లో అంటే నేనే!

ఆ ఊరు ఖాళీ అయింది మా తాతల తాతల కాలంలో. గొర్రెలు, చర్చి తప్ప అక్కడేం మిగల్లేదు. నేను చెప్పే ఏడాది వరదకి బాటలన్నీ మునిగాయి. మా అమ్మాయి హెస్టర్‌కి పుట్టిన పసిగుడ్డు ఊపిరందక నీలం తిరుగుతోంది. చర్చిలో బాప్తిస్మం లేకుండా పోతే స్వర్గం లేదంటారు మావాళ్ళు. నడిచి చేరగలిగింది ఆ చర్చి ఒక్కటే. వరదకి మా ఇంట్లో చిక్కుకున్న పాదిరిగారిని వెంటబెట్టుకుని, పట్టపగలే, పొగమంచులో బయల్దేరాం.

లోపల తడిసిన సున్నం వాసన. పావురాల రెట్ట. రాతి తొట్టిలో నీళ్ళు పోశాం.

"ఉత్తరం తలుపు తియ్యి," అంది నా భార్య మార్తా. "నీళ్ళు పడగానే బిడ్డలోని సైతాను ఎటు పోవాలి మరి? నీ జేబులోకా?"

"అదంతా చాదస్తమమ్మా," గొణిగారు పాదిరిగారు.

"అయ్యగారూ, మీరు నీళ్ళ సంగతి చూసుకోండి. ఏవయ్యా, నీకు కబుర్లేనా, భుజం కూడా ఉందా?"

ఉంది! ఒక్క తోపు తోశాను. తుప్పు గడియ ఊడి, తలుపు బయటికి బార్లా తెరుచుకుంది.

గడ్డిలో చిన్న చిన్న మట్టిదిబ్బలు... గోడ పొడవునా. అప్పుడు గుర్తొచ్చింది. బాప్తిస్మం అందని పసివాళ్ళను పూడ్చింది ఆ ఉత్తరం వైపే. మా బిడ్డ పోయినా అక్కడికే.

పొగమంచు గడప దాటి లోపలికొచ్చింది. బయటికి మాత్రం ఏదీ పోలేదు.

"మూసెయ్ నాన్నా... మూసెయ్," హెస్టర్ గుసగుసలాడింది.

లాగాను. రాలేదు. గడప మీద ఏదో అడ్డు... చల్లగా... మెత్తగా.

"బిడ్డ పేరు?" పాదిరిగారు తొట్టిలో చెయ్యి ముంచారు.

"ఎడిత్," అంది హెస్టర్.

ఆ పేరు పలికి, నెత్తిన నీళ్ళు పోశారు. బిడ్డ ఏడవాలి. ఏడిస్తేనే సైతాను వదిలినట్టు.

మా బిడ్డ ఏడవలేదు.

గడప దగ్గర ఏడుపు... ఒక్క గొంతు కాదు.

బిడ్డ బతికింది. ఎడిత్‌కిప్పుడు పెళ్ళీడు. కానీ ఇంట్లో ఎవరం పేరుపెట్టి పిలవం. పిలిస్తే, అది నోరు విప్పేలోపే దాని వీపు వెనక నుంచి ఓ పసిగొంతు "ఊఁ" అంటుంది.

అబద్ధమా? ఆ రోజు నీళ్ళు పోసినాయన ఇంకా బతికే ఉన్నారు. వెళ్ళి అడగండి. పాదిరి ఆంబ్రోస్ పెల్.