సంచుల గదిలోంచి పిలుపు

పొద్దుగూకితే చాలు, సంచుల గది వైపు ఎవరూ వెళ్లేవాళ్లు కాదట.

పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీ అది. కొలిమి పొగలోని విషమంతా ఊరి మీద పడకుండా, వెనకాల ఒక ఇనుప గదిలో నిలువెత్తు గుడ్డ సంచులు వేలాడదీశారు. పొగ వాటిలో వడపోత అయ్యాకే పైగొట్టం ఎక్కాలి.

ఒకప్పుడు ఆ గదిలో ఓ ఫిట్టరు ఊపిరాడక పోయాడు. అంతవరకూ నిజమే. మిగతాదంతా తర్వాత పుట్టింది... రాత్రిళ్లు లోపల్నుంచి తలుపు కొడతాడనీ, తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తాడనీ, పలికామో ఇక అంతేననీ.

ఈ సంగతి నాకు మా పిన్ని చెప్పింది. ఆ ఫ్యాక్టరీ ఫోర్‌మన్ కుటుంబం వాళ్ల పక్క వాటాలోనే ఉండేది.

అసలు ఆ దెయ్యాన్ని పుట్టించిందే ఫోర్‌మన్!

సంచులు ఎప్పుడో చిల్లులు పడ్డాయి. కొన్ని మసి పట్టి బిగుసుకుపోయాయి. మార్చాలంటే కొలిమి ఆపాలి, ఆపితే పని తగ్గిందని పైవాళ్లు చీవాట్లు పెడతారు. అందుకని చీకటి పడ్డాక ఈయన వెళ్లి పక్కగొట్టం తెరిచేవాడు. పొగ సంచుల జోలికి పోకుండా నేరుగా ఆకాశంలోకి పోయేది. ఎవరైనా అటు వస్తున్న అలికిడైతే, చీకట్లో నక్కి స్పానరుతో ఇనుప గోడ మీద టకటకా కొట్టేవాడు. వాళ్లు వెనక్కి చూడకుండా పరుగు లంకించుకునేవాళ్లు. ఈయనకి నవ్వు.

ఊళ్లో డాబాల మీద ఆరేసిన బట్టలు బూడిదరంగుకి తిరిగాయి. ఫోర్‌మన్ సొంత కూతురు, ఇంకా బడికి కూడా పోని పిల్ల, రాత్రంతా దగ్గేది.

ఆ పిల్లని భుజాన వేసుకుని తెల్లవార్లూ తిరిగేది మేనమామ. అక్కాబావల దగ్గరే ఉంటూ అదే ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేస్తున్నాడు. కొత్త సంచులు స్టోర్లో మూలుగుతున్నాయని కనిపెట్టి బావని అడిగాడు. చూద్దాంలే అన్నాడు బావ. మళ్లీ అడిగాడు. నీ పని నువ్వు చూసుకో అన్నాడు.

ఒక రాత్రి, కొలిమి చల్లార్చి మళ్లీ సరుకు నింపుతున్న సందులో, అతను సంచుల కట్ట ఎత్తుకుని ఒక్కడే లోపలికి దూరాడు. ఎవరికీ చెప్పలేదు. చెబితే బావ చెవిన పడుతుందని.

అతను ఆఖరి సంచి బిగిస్తుండగా ఫోర్‌మన్ వచ్చాడు. సంచుల గది తలుపు ఓరగా తెరిచి ఉంది. ఎవడి నిర్వాకమో అని తిట్టుకుంటూ మూసి, బయట గడియ బిగించాడు. అవతల కొలిమి రాజుకుంది. ఫ్యాను హోరెత్తింది. పక్కగొట్టం తెరవబోతూ చక్రం మీద చెయ్యి వేశాడో లేదో—

టక్.

స్పానరు ఆయన జేబులోనే ఉంది.

టక్... టక్ టక్...

చచ్చిపోయిన ఫిట్టరు మొహం కళ్ల ముందు ఆడింది. ఇన్నాళ్లూ వాడి చావుతో ఆటలాడినందుకు వచ్చాడు... తన కోసమే వచ్చాడు...

అంతలో లోపల్నుంచి, గొంతు నులిమేసినట్టు, సన్నగా—

"బావా... తలుపు తియ్యి బావా..."

తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తాడు. పలికామో ఇక అంతే. ఆ మాట అల్లింది తనేనన్న సంగతి ఆ క్షణంలో గుర్తులేదు ఆయనకి. చక్రం వదిలేసి పరుగు లంకించుకున్నాడు.

కొలిమి దగ్గరున్న వాళ్లకీ ఆ పిలుపు వినిపించిందట. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని, రేడియో గట్టిగా పెట్టుకున్నారు.

పక్కగొట్టం మూసే ఉంది. ఆ ఒక్క రాత్రీ పొగంతా సంచుల గదిలోని కొత్త సంచుల్లోంచే పోయింది.

ఇంటికొచ్చి పడ్డ మొగుణ్ణి చూసి ఫోర్‌మన్ భార్య కంగారుపడింది. మంచినీళ్లు తాగించి, దుప్పటి కప్పి, జరిగింది విన్నాక మాత్రం నవ్వాపుకోలేకపోయింది.

"మా తమ్ముణ్ణి రానీ, చెప్తాను. పడీ పడీ నవ్వుతాడు," అంది.

పాప ఆ రాత్రి ఒక్కసారి కూడా దగ్గలేదు. ఎన్నాళ్లకో ముగ్గురూ ఒళ్లెరగకుండా నిద్రపోయారు.

తెల్లారి లేచి చూస్తే తమ్ముడి పక్క వేసింది వేసినట్టే ఉంది. మూతపెట్టిన అన్నం అలాగే ఉంది. ఆవిడ వెనక్కి తిరిగి, మొగుణ్ణి మెల్లగా అడిగింది.

"రాత్రి... ఏమని పిలిచింది అన్నావు?"



ఫ్యాక్టరీ దాకా ఎలా పరుగెత్తిందో ఆవిడకే తెలియదట. గడియ తీసింది కూడా ఆవిడే. లోపల తలుపుకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఆవిడ కాళ్ల మీదకి ఒరిగాడు.

ప్రాణం లేదు. కానీ ఒళ్లు... ఇంకా వెచ్చగానే ఉందట.