తడబడకుండా చెప్పు

వరద వచ్చిపోయిన నాలుగో ఏడు అది.

రామంతాపూర్ చెరువు పొంగి, ఇళ్లు మునిగి, జనం మిద్దెల మీద కూర్చున్న ఆ వరద.

దాని తర్వాత నాలుగో వానాకాలం. చీకటి పడింది. ఉప్పల్ రింగు రోడ్డు.

గండయ్య పరుగెత్తుతున్నాడు!

సన్నగా వాన. నెత్తి మీద మెట్రో. కింద హారన్లు.

అరవైకి దగ్గర పడ్డ ఒళ్లు. నాచారం గోదాములో బస్తాలు మోసి మోసి అరిగిన నడుము. ఇక నా వల్ల కాదంటోంది.

ఆయన వినడం లేదు.

వరంగల్ బస్సు కదలకముందే పెద్దకొడుకును పట్టుకోవాలి. పట్టుకోకపోతే చిన్నకొడుకు చేజారిపోయినట్టే.

కోడలు సరిత ఇందాకే ఫోన్ చేసింది. సాయికుమార్ బ్యాగు సర్దుకున్నాడట. పసిబిడ్డ పాదాలు ముద్దు పెట్టుకున్నాడట. ఎక్కడికని అడిగితే ఉలుకూ పలుకూ లేదట.

"మామా, మళ్లొచ్చే మనిషి పోయినట్టు పోలే" అంది.

అదిగో బస్సు!

కిటికీ పక్క సీటు. ఎర్ర బ్యాగు. వంచిన తల...

వాడే.

గండయ్య బస్సు ఒంటి మీద అరచేత్తో చరిచాడు. ఒకసారి. రెండోసారి.

రెండో దెబ్బ గాలికి తగిలింది. బస్సు వెళ్లిపోయింది.

ఆయన ఎదురుగా వచ్చిన ఆటోకు అడ్డంగా నిలబడ్డాడు. డ్రైవర్ బూతు మొదలుపెట్టి, ముసలాయన ముఖం చూసి మింగేశాడు.

"ఆ బస్సు" అన్నాడు గండయ్య. అంతే.

"ఎక్కు తాతా. గీ రోడ్డు మీద ఉరికే పనే లేదు. బస్సే మనకోసం ఆగుతది."

నిజమే. ఫ్లైఓవర్ కడతామని నడిరోడ్డు తవ్వి, స్తంభాలు లేపి, ఏళ్లుగా అట్లాగే వదిలేసిన దారి అది.

ఆటో గుంతల్లో పడుతూ లేస్తూ పోతోంది. గండయ్య ముందు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. కళ్లు రోడ్డు మీద ఉన్నాయి. మనసు మాత్రం పొద్దుటి వరండాలోనే ఉండిపోయింది.

పొద్దున పిల్లల కేసులు చూసే బోర్డు ఆర్డరు ఇచ్చింది. చిన్నకొడుకు రిషి మీద ఉన్నది హత్య కేసు. వాడి కోసం సర్కారు పెట్టిన వకీలు కమలకుమారి. ఆమె మెట్ల మీద నిలబడి అర్థమయ్యేలా చెప్పింది. పదహారు నిండినవాడు ఇంత పెద్ద నేరం చేస్తే, బోర్డు మొదట వాడి మనసును పరీక్షిస్తుందట. చేస్తున్నదేమిటో, దాని వల్ల ఏమవుతుందో తెలిసే చేశాడా అని చూస్తుందట. తెలిసే చేశాడనుకుంటే కేసు పై కోర్టుకు పోతుంది. అక్కడ పెద్దవాళ్లకు జరిగినట్టే విచారణ. పెద్దవాళ్లకు పడినట్టే శిక్ష.

"యావజ్జీవం కూడా పడొచ్చు, గండయ్యగారూ."

"మూడేండ్లే అన్నరు గద మేడం..."

"ఎవరన్నారు?"

ట్రాలీ ఆటోల అడ్డా మీద అందరూ అన్నారు. పద్దెనిమిది నిండనివాడికి మూడేళ్లు పిల్లల హోం, ఆ తర్వాత మచ్చ కూడా ఉండదని. చిన్నప్పుడు నేర్చిన ఎక్కంలా ఆ మాటను నమ్మాడు ఆయన.

ఆమె గొంతు తగ్గించింది. మీవాడు చెప్పిన తీరే వాడిని ముంచిందంది. పొద్దుటి నుంచి కాసుకుని ఉన్నానన్నాడట. చంపాలనే కొట్టానన్నాడట. పరీక్ష చేసిన డాక్టరమ్మ ఎన్ని రకాలుగా అడిగినా అదే జవాబు, అదే వరుస. కంట్లో తడి లేదు.

"ఇంత తెలిసినవాడు పిల్లాడు ఎలా అవుతాడని రాశారు. కేసును పై కోర్టుకు పంపారు."

అప్పుడే బెంచీ మీద నుంచి సారమ్మ లేచింది. చచ్చిపోయిన రవికుమార్ తల్లి. కొంగులో బైబిలు పట్టుకుని గండయ్య ముందుకొచ్చి నిలబడింది. అరవలేదు.

"పాణం తీసెటప్పుడు పెద్దోడే గదన్నా. శిక్ష కాడ పిల్లోడు ఎట్లయితడు?"

ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు గండయ్య.

ఇంటికి పోయి పెద్దకొడుకుతో ఒక్కటే మాట అన్నాడు. రేపు పొద్దున్నే నాతో రా, కొట్టింది నువ్వేనని చెప్పు, తమ్ముణ్ణి విడిపించు.

సాయికుమార్ తల ఊపాడు. చీకటి పడగానే పారిపోయాడు!

ఆటో గతుక్కుమంది.

హత్య జరిగిన ఆ ఎండాకాలం రాత్రి మళ్లీ కళ్ల ముందుకొచ్చింది.

గోదాము ముందు ట్రాలీలకు ఒక లైను ఉంది. ముందొచ్చిన బండికి ముందు లోడు. రాత్రి ఇంటికి పోయేవాడు తన చోటులో స్టెప్నీ టైరు పెట్టి పోతాడు. టైరు ఉందంటే ఆ చోటు వాడిదే. అది అడ్డా కట్టుబాటు. దాన్ని దాటినవాడు లేడు.

రవికుమార్ దాటాడు. సాయికుమార్ పెట్టిపోయిన టైరును కాలితో తన్ని తన బండి పెట్టాడు.

పొద్దున బూతులు. మాపటికి కొట్లాట. చీకట్లో గోదాము వెనక, తల పగిలిన రవికుమార్.

సాయికుమార్ ఇంటికొచ్చాడు. చొక్కా నిండా నెత్తురు. చేతిలో జాకీ రాడ్. వాడి వెనక నక్కి నక్కి రిషి. ఇంటర్ చదువుతూ సెలవుల్లో అన్న బండి మీద లోడు దించే చిన్నోడు.

గండయ్య చొక్కా చూశాడు. రాడ్ చూశాడు.

ఎవరు కొట్టారని అడగలేదు. అడగడానికేముంది?

లోపల సరిత నెలలు నిండి ఉంది. తల్లి లేని ఇంట్లో ఆ వచ్చే బిడ్డే వెలుగు. దాని తండ్రి జైలుకు పోవడమా?

ఆయన రిషిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు మీదేసుకో బిడ్డా. మూడేండ్లు. కన్ను మూసి తెరిసినట్టు పోతయి."

రిషి అన్నను చూశాడు. తండ్రిని చూశాడు.

"సరే నాయినా."

గండయ్య వాడి తల మీద చెయ్యి పెట్టాడు. పిల్లలను ముద్దు చేసే అలవాటు లేని చెయ్యి అది.

తర్వాత తెల్లవార్లూ పాఠం.

"కండ్లల్లకు సూసి చెప్పు. తడబడితే మీ అన్న మీదికి పోతది. టైరు తన్నిండని కోపమొచ్చింది. పొద్దుగాలసంది కాసుకున్న. సంపాలనే కొట్టిన. గిట్లనే చెప్పు. ఏడ్వకు."

వాడు చెప్పాడు. గొంతు వణికింది. ఆయన మళ్లీ చెప్పించాడు. మళ్లీ... మళ్లీ...

కోడి కూసేసరికి ఆ వణుకు పోయింది.

సాయికుమార్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు, తల ఎత్తలేదు. సిగ్గనుకున్నాడు గండయ్య.

కీచుమని బ్రేకు!

"చెప్పిన్నా లేదా తాతా" అన్నాడు డ్రైవర్.

మేడిపల్లి దాటాక రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. బండ్లన్నీ ఆగిపోయాయి. నడుమ వరంగల్ బస్సు.

గండయ్య నీళ్లలోకి దూకాడు. పోయి పోయి బస్సు ముందు తలుపు ఎక్కాడు.

సాయికుమార్ తలెత్తాడు.

ఒక్క క్షణం తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్నారు.

బ్యాగు వదిలేసి వెనక తలుపులోంచి దూకేశాడు సాయికుమార్!

స్తంభాల మధ్య చీకటి. ఇనుప చువ్వలు. బురద. ముందు కొడుకు, వెనక తండ్రి. కొడుకు దూరమవుతున్నాడు. దూరమవుతున్నాడు...

గండయ్య కాలి కింద నేల లేదు.

గుంత!

నీళ్లు నడుము దాటాయి. ఛాతీ దాటాయి. చేతికి బురద తప్ప ఏమీ దొరకడం లేదు. పిలవాలనుకున్నాడు. నోట్లోకి నీళ్లు వచ్చాయి.

ముందు పోతున్న అడుగుల చప్పుడు ఆగింది.

"నాయినా..."

సాయికుమార్ బోర్లా పడుకుని, చంకల కింద చేతులు వేసి, ఆయనను గట్టు మీదికి లాగాడు. ఇద్దరూ బురదలో పడి రొప్పుతున్నారు. ఊపిరి అందగానే గండయ్య చేసిన మొదటి పని కొడుకు కాలరు పట్టుకోవడం.

"నడువు. రేపు కోర్టు."

"నాతోని గాదు నాయినా."

"సిగ్గులేదార? నీకోసం వాడు మెడకాయ పెట్టిండు."

"నాకోసం గాదు."

కాలరు మీద పట్టు బిగిసింది.

"కొట్టింది నేను గాదు నాయినా. రిషి."

రోడ్డు మీద హారన్లు మోగుతున్నాయి. గండయ్యకు వినిపించడం లేదు.

సాయికుమార్ ఆగలేదు. ఇన్ని నెలలు గొంతులో పెట్టుకున్నదంతా బురదలో కక్కేశాడు. రవికుమార్ తనను పడేసి గొంతు మీద కూర్చున్నాడు. ఊపిరి ఆగిపోతోంది. రిషి వాడి చొక్కా పట్టి లాగుతూ, ఇడువన్నా, సస్తడన్నా అని ఏడుస్తున్నాడు. వాడు విడవలేదు. ఆఖరికి రిషి బండిలోని రాడ్ తీశాడు. ఒక్క దెబ్బ. రవికుమార్ సాయికుమార్ మీదే ఒరిగిపోయాడు. చొక్కా మీది నెత్తురు అదే.

"రాడ్ వాని చేతుల్నించి నేనే గుంజుకున్న. నేనే మీదేసుకుందామని ఇంటికొచ్చిన. నువ్వు అడగలే నాయినా. మమ్ములను కూసోబెట్టి నువ్వే చెప్పుడు సురూ జేసినవ్."

"మరి... నోరు లేదా నీకు?"

"నువ్వు నీళ్లకు బయటికి పోయినవ్ సూడు, అప్పుడు వాడు నా చెయ్యి పట్టుకున్నడు. నాయినకు చెప్పకు అన్నా, సంపినోన్ని అని తెలిస్తే నన్ను ఎట్ల సూస్తడో అన్నడు. అన్న కోసం జైలుకు పోతున్న అనుకోని నాయిన నా తల మీద చెయ్యి పెట్టిండు, సూసినవా అన్నడు. సరిత కడుపు మీద ఒట్టేయించుకున్నడు."

కాలరు మీది వేళ్లు వాటంతట అవే విడిపోయాయి.

అంటే...

రిషి చేసిన నేరాన్నే వాడి మీద వేయించాడు. కాకపోతే, ఏడుస్తూ కొట్టిన పిల్లాణ్ణి తీసేసి, కాసుకుని చంపిన మగవాణ్ణి పెట్టాడు. అన్న కోపం తీసి తమ్ముడికి తొడిగాడు. ఒక్క రాత్రిలో. చేతులారా.

ఉన్నదున్నట్టు, వచ్చిన ఏడుపు వచ్చినట్టు చెప్పనిస్తే?

ఏమో. సారమ్మ కొడుకు ఎట్లా చూసినా తిరిగి రాడు. కానీ ఆ బోర్డు ముందు నిలబడ్డది ఒక పిల్లాడని వాళ్లకు కనబడేది.

"మరి నువ్వెందుకు పారిపోవుడు?"

"కోర్టుల నిలబడితే ఒట్టన్న తప్పాలె, లేకుంటే చెయ్యని దానికి జైలుకన్న పోవాలె. రెంటికీ ధైర్యం చాలలే నాయినా."

గండయ్య మనసులో ఒక ఆలోచన తల ఎత్తింది. వీడి చేత అబద్ధం చెప్పిస్తే? ఇంకొక్క రాత్రి ఉంది. నేర్పిస్తే...

నోటి దాకా వచ్చింది.

బురద నీళ్లతో పాటు ఉమ్మేశాడు.

"ఇంటికి పోదాం పా. సరిత ఏడుస్తుండొచ్చు" అన్నాడు.

తెల్లారింది. వాన వెలిసింది.

గండయ్య మొదట కమలకుమారి ఇంటికి పోయాడు. గేటు దగ్గరే నిలబడి, జీవితంలో ఎన్నడూ మాట్లాడనంత మాట్లాడాడు. ఆమె పళ్లు తోముకునే బ్రష్షు చేతిలోనే పట్టుకుని విన్నది. ఆర్డరు మీద అప్పీలు వేయొచ్చంది. కానీ ఇన్నాళ్లూ చెప్పింది నేర్పిన మాటని నమ్మించాలంటే, నేర్పినవాడు కూడా బోనెక్కాలి. సాక్ష్యం తారుమారు చేశారని మీ మీద కూడా కేసు పెడతారంది.

"పెట్టనియ్యుండ్రి."

అక్కడి నుంచి తండ్రీ పెద్దకొడుకూ పిల్లల హోంకు పోయారు. గది నడుమ ఇనుప జాలీ. అవతలికి రిషి వచ్చాడు. పై పెదవి మీద నూగు నల్లబడుతోంది. చేతులు వెనక్కి కట్టుకుని, నిటారుగా నిలబడ్డాడు. నేర్పినట్టే.

ఆ రాత్రి అడగాల్సిన మాట గండయ్య ఇప్పుడు అడిగాడు.

"ఎవరు కొట్టిన్రు బిడ్డా? ఎట్లయింది?"

రిషి తండ్రి కళ్లలోకి సూటిగా చూశాడు.

"నేనే. టైరు తన్నిండని కోపమొచ్చింది. పొద్దుగాలసంది కాసుకున్న. సంపాలనే..."

ఒక్క అక్షరం తప్పలేదు.

"అది గాదు బిడ్డా. నాకెర్కయింది. మీ అన్న చెప్పిండు."

రిషి అన్నను చూశాడు. సాయికుమార్ తల దించుకున్నాడు.

"అయింది అయినట్టు చెప్పు. ఏడుపొస్తే ఏడ్వు. అందరి ముంగట ఏడ్వు."

రిషి నోరు తెరిచాడు. మూశాడు. ముఖం ఏదో వెతుక్కుంటున్నట్టు అయింది. దొరకలేదు.

"ఎట్ల నాయినా?" అన్నాడు. "ఏడుపొస్తలేదు."

గండయ్య జాలీ సందులోంచి వేళ్లు దూర్చాడు. తల అందలేదు.

వార్డరు చూస్తున్నాడు. మిగతా తల్లిదండ్రులు చూస్తున్నారు.

వాళ్లందరి ముందు, భార్య ముత్తమ్మ శవం ముందు కూడా ఏడ్వని గండయ్య, ఆ జాలీ కింద నేల మీద కూలబడి, గొంతెత్తి ఏడ్వడం మొదలుపెట్టాడు.

వాడికి మళ్లీ మొదటి నుంచి నేర్పాలి.