రెండు మెట్ల గ్రాఫు

జెస్సీ గ్రాఫు కాగితాన్ని కిటికీ వైపు తిప్పి పట్టుకుంది. బయట వాన పడుతోంది.

"కలవలేదబ్బా," అంది.

"ఏం కలవలేదు?" అన్నాడు రఘునాథ్.

"నీ ఇనుము, నా అల్యూమినియం. ఒకే గిన్నెలో ఉండినాయి, అంతే. సూడు, ఈడొక మెట్టు, ఆడొక మెట్టు."

"మెట్లుంటే ఏం? తిరుమలకూ మెట్లుండాయి గదా."

"తిరుమలకు పోయేది నీ పొడి కాదు."

అది 2009 అక్టోబరు. ఇద్దరూ తిరుపతిలో ఒక యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగంలో పరిశోధక విద్యార్థులు. రఘునాథ్‌ది కార్వేటినగరం, చెరకు రైతు కొడుకు. జెస్సీది చిత్తూరు. తండ్రి రాజారత్నం బస్సు డిపోలో మెకానిక్.

లోహాన్నీ ఒక కర్బన ఆమ్లాన్నీ కలిపి వాళ్లు చేసే పొడిలో ప్రతి స్ఫటికం నిండా రంధ్రాలుంటాయి. తేమ తగిలితే అవి ముడుచుకుంటాయి, వేడి చేస్తే తెరుచుకుంటాయి. అల్యూమినియంతో చేసినవి తక్కువ వేడికే తెరుచుకుంటాయి. ఇనుముతో చేసినవి మొండికేస్తాయి. రెండు లోహాలూ ఒకే స్ఫటికంలో కలిస్తే మధ్యలో ఎక్కడో ఒక్కసారిగా తెరుచుకోవాలి. పాళ్లు మార్చి ఆ చోటును కావలసినట్టు జరుపుకోవచ్చు. అప్పుడు గ్రాఫు ఒకే మెట్టుగా లేస్తుంది. రెండు మెట్లు వస్తే రెండు పొడులు పక్కపక్కన ఉన్నాయని అర్థం.

సోమవారానికి ఒక్క మెట్టు చూపించకపోతే జెస్సీని ఈ పని నుంచి తీసి, కానుగ నూనె ప్రాజెక్టుకు పంపుతానని ప్రొఫెసర్ దొరస్వామి చెప్పాడు. రఘునాథ్ ఇంటి నుంచి తెచ్చే ఊరిబిండి పచ్చడి ఏడాదిగా జెస్సీ తింటోంది. ఆమె తెచ్చే చేపల పులుసు అతను తింటున్నాడు. ఆదివారమంతా అతనికి గ్రాఫు గుర్తు రాలేదు. కానుగ నూనే గుర్తొచ్చింది.

సోమవారం దొరస్వామి బల్ల మీద ఒక్క మెట్టు గ్రాఫు ఉంది.

"చెన్నై సమావేశానికి ఇదే పంపుదాం," అన్నాడాయన. జెస్సీ దాన్ని చూసింది. రఘునాథ్‌ను వరండాలోకి పిలిచింది.

"ఈ పొడి ఎప్పుడు చేసినావు?"

"అదే పొడి."

"అదే పొడికి ఇంకో గ్రాఫు ఎట్లొచ్చింది?"

"కంప్యూటర్లో స్మూత్ అని ఒక బటన్ ఉండాది. నొక్కినాను."

"ఎన్నిసార్లు?"

"మెట్టు పోయేదాకా."

"దాని మీద నా పేరు కూడా పెట్టినావు. ఎందుకప్పా?"

"నువ్వు కానుగ నూనెకు పోతావని."

చూరు నీళ్లు ఆమె చెప్పు మీద పడుతున్నాయి. ఆమె కాలు తీయలేదు.

"పోతే? ఆ ల్యాబు ఢిల్లీలో ఉండాదా? క్యాంటీన్ వెనకాలే గదా!"

"ఆడికి నేను ఏమని చెప్పి వచ్చేది?"

"జెస్సీని సూసేదానికి వచ్చినానని రా. దానికి దొంగ గ్రాఫు కావల్నా?" ఆమె గొంతు తగ్గింది. "ఇది చెన్నైకి పోయిందంటే మాత్రం రావద్దు."

రఘునాథ్ లోపలికి వెళ్లి చెప్పాడు. దొరస్వామి కళ్లద్దాలు తీశాడు.

"నువ్వే చెప్తా ఉండావా, ఎవరన్నా పట్టుకున్నారా?"

"జెస్సీ పట్టుకుంది సార్. చెప్పేది నేనే."

ఆయన గ్రాఫు చింపేశాడు. మర్నాడు జెస్సీ సామాను కానుగ నూనె ల్యాబుకు వెళ్లింది.

వారం దాకా రఘునాథ్ అటు పోలేదు. వెళ్లిన రోజు తలుపు దగ్గర ఎవరో ఏం పనని అడిగారు. చెప్పాడు. జెస్సీని చూసేదానికని విని లోపల ముగ్గురు నవ్వారు. జెస్సీ నవ్వకుండా బయటికొచ్చింది.

"ఇనుము తొందరపడి ముందే గట్టిపడతా ఉండాది," అంది. "ఒకేసారి పోయొద్దు. అల్యూమినియంలోకి బొట్టు బొట్టుగా వదులు."

"ఇదేనా చెప్పేది?"

"నువ్వు వారం ఆలస్యంగా వచ్చినావు. ఇంకేం చెప్పల్ల?"

బొట్టు బొట్టుగా వదిలి చేసిన పొడి గ్రాఫు డిసెంబరులో వచ్చింది. ఒకటే మెట్టు, కొంచెం వంకరగా. ఆ వంకరతోనే దొరస్వామికి చూపించాడు. ఆదివారం చర్చి అయ్యాక చిత్తూరులో తమ ఇంటికి రమ్మని జెస్సీ చెప్పింది.

రాజారత్నం కుర్చీ చూపించాడు.

"మా బిడ్డను ఆ ల్యాబు నుంచి ఎందుకు మార్చినారు? అడిగితే చెప్పదు."

రఘునాథ్ జెస్సీ వైపు చూశాడు. ఆమె వేరే వైపు చూస్తోంది.

"నా వల్ల సార్," అన్నాడు. బటన్ సంగతి, గ్రాఫు చింపిన సంగతి అన్నీ చెప్పాడు.

"మీ ఇంట్లో మా పిల్ల గురించి చెప్పినావా?"

"చెప్పినాను. అమ్మ నాతో మాట్లాడ్డంలేదు. నాయన మిమ్మల్ని సూడల్లంటా ఉండాడు."

వంటింట్లోంచి జెస్సీ తల్లి గురవమ్మ అంది. "ఆ గ్రాఫు కథ దాచిపెట్టుకుంటే మనకేం తెలిసేది? పిచ్చి పిల్లోడు."

"అందుకే," అన్నాడు రాజారత్నం. రఘునాథ్ వైపు తిరిగాడు. "మీ నాయన్ను రమ్మను."