ప్రతి లైన్ చివరా ఒక్క మాట

గడ్డపోతారం, 1998. నిన్నటిదాకా ఆ కుర్చీలో పనిచేసిన నిఘా ఏజెంట్ శవం పొద్దున మందుల ఫ్యాక్టరీ మురుగుట్యాంకులో తేలింది. ఇప్పుడు అదే కుర్చీలో, కంప్యూటర్ ఆపరేటర్ వేషంలో, బాలప్ప. భయంతో పట్టిన చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

చీఫ్ ఫోన్‌లో చెప్పింది నాలుగే ముక్కలు.

"నలభై డ్రమ్ముల్లో విషం. పిల్లల దగ్గుమందులో కలపడానికి నాలుగింటికి లారీలో పోతుంది. ముఠా నాయకుడు సాయంత్రం పటాన్‌చెరు వస్తాడు, అందాకా ఎవరికీ అనుమానం రాకూడదు. డ్రమ్ముల ఫైల్లో డ్రమ్ముకో లైన్ ఉంటుంది, లైన్ తగ్గినా పెరిగినా అలారం మోగుతుంది. ఉన్న లైన్ల చివర 'HOLD', అంటే ఆపమని, చేర్చు. లోపల మన మనిషి ఉన్నారు, 'ఖాళీ ఉందా' అని అడుగుతారు. 'ఒకరికే' అను."

బాలప్ప అన్ని లైన్లనూ ఒకేసారి మార్చే చిన్న ప్రోగ్రాం, షెల్ స్క్రిప్టు రాసి ఎంటర్ నొక్కాడు. నలభై లైన్ల చివరా మాట చేరింది. ప్రింటైన లిస్టు లోడింగ్‌కు వెళ్లింది. హమ్మయ్య అనుకుని కిటికీలోంచి చూస్తే, హమాలీలు డ్రమ్ములు ఎక్కించేస్తున్నారు!

పరుగెత్తాడు. "లింగన్నా! ఎందుకెక్కిస్తున్నవ్?"

హమాలీల మేస్త్రీ లింగం కాగితం చూపించాడు. "గిదేంది సారూ, నువ్వే రాస్తివి గద! సూడు, పదిహేడు హెచ్, ఓల్డ్. పాత మాల్ ముందుగాల పోవాలె గద. కాయితం మీదున్నదే మాకు హుకుం."

అక్కడ డ్రమ్ము నంబరు పక్కనే ట్యాంకు అక్షరం రాస్తారు. బాలప్ప తొందరలో మాటకు ముందు ఖాళీ వదల్లేదు. '17HOLD'. లింగం దాన్ని '17H OLD' అని చదివాడు.

మూడు యాభై ఆరు. గదిలోకి వచ్చేసరికి కుర్చీలో హైమావతి కూర్చుని ఉంది. క్వాలిటీ ఆఫీసర్, ముఠాకు కుడిభుజం, పట్టుచీర, సెంటు వాసన. చేతిలో లిప్‌స్టిక్ గొట్టం. అందులో తూటా ఉంటుందని బాలప్పకు తెలుసు.

"కదలకండి" అంది. గొట్టం అతని గుండె మీదికి తిరిగింది. "ఇక్కడ ఖాళీ ఉందా?"

చావు ముందర ఈ ప్రశ్నేమిటో అర్థం కాలేదు. అప్పుడు గుర్తొచ్చింది.

"ఒ... ఒకరికే."

గొట్టం దించి ఆమె లేచింది. "అయితే త్వరగా కూర్చోండి. మూడు నిమిషాలే ఉన్నాయి."

మార్చకముందున్న ఫైలు కాపీని తెరమీదికి తెచ్చాడు. ఈసారి ముందు ఒక ఖాళీ కొట్టి, తర్వాత మాట రాశాడు. ప్రింటర్ కీచుమంది. కాగితం చింపుకుని పరుగెత్తాడు.

లారీ గేటు దగ్గర కదులుతోంది. లింగం కొత్త కాగితం చదివి దానికి అడ్డం నిలబడ్డాడు. "ఏయ్, జెర ఆగు! హోల్డ్ అంట! బంద్ చెయ్ ఇంజన్!"

సాయంత్రం పటాన్‌చెరులో ముఠా నాయకుడు దొరికాడు. చీఫ్ ఫోన్ చేశాడు.

"రెండోసారి లిస్టులో ఏం కలిపావయ్యా, లారీ ఆగింది?"

బాలప్ప లిస్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏం కలపలె సార్. జెర ఖాళీ ఇచ్చిన."